ఒకే ఊరు, మూడు ఉష్ణోగ్రతలు

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, నేను ఉద్యోగం చేస్తున్న సాల్ట్ లేక్ సిటీ గురించి రెండు మాటలు రాశాను. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఊరి చలి గురించి, గాలి గురించే ఉన్నాయి. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు రాశారు, అక్కడే ఉంటున్నవాళ్లూ రాశారు. కొత్త పాఠకుల కోసం నా గురించి ఒక మాట. నేను పుట్టి పెరిగింది బందరులో. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ, రోడ్ల మీద మంచు తీసే బండ్లు ఏ రాత్రి ఏ వేళకు బయలుదేరాలో ముందుగా చెప్పే బృందంలో పనిచేస్తున్నాను. రేపటి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, ఏ మలుపు దగ్గర గాలి ఎటు వీస్తుంది అన్నదే నా రోజువారీ పని.

ప్రశ్న: *మా అబ్బాయి సాల్ట్ లేక్ సిటీలో ఉంటాడు. రోజూ ఫోనులో అక్కడి వాతావరణం చూడందే నాకు నిద్ర పట్టదు. జనవరిలో వారం రోజులు ఫోను ‘ఎండ’ అనే చూపించింది. ఉష్ణోగ్రత మాత్రం మైనస్ 4 దాటలేదు. వాడేమో సూర్యుడే కనిపించడం లేదమ్మా, దగ్గు వస్తోంది అన్నాడు. ఆదివారం నాడు కొండ మీదికి వెళ్లి, స్వెటర్ తీసేసి ఎండలో నిలబడి ఫొటో పంపాడు. పైకి పోయేకొద్దీ చలి పెరగాలి కదా? ఇందులో ఏది నిజం? — ఒక తల్లి, తెనాలి*

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన రెండు మాటలూ నిజమే. ఫోను చెప్పినదాంట్లో సగం నిజం. ఆ లోయకు పైన నిజంగానే ఎండ కాస్తోంది. లోయలో ఉన్నవాళ్లకు అది అందడం లేదు.

ఊరు ఎలా ఉంటుందో ముందు చెబుతాను. తూర్పున వాసాచ్ కొండలు, పడమర ఓకర్ కొండలు, దక్షిణాన అడ్డంగా ట్రావర్స్ కొండలు. వాయవ్యాన మహా లవణ సరస్సు. మధ్యలో ఒక పెద్ద పళ్లెంలా లోయ. లోయ అడుగు సముద్ర మట్టానికి దాదాపు 1,290 మీటర్ల ఎత్తు. తూర్పు కొండల శిఖరాలు 3,400 మీటర్లు దాటతాయి. అంటే ఊళ్లో నిలబడి చూస్తే రెండు కిలోమీటర్ల ఎత్తున్న గోడ.

జనవరిలో ఈ ప్రాంతం మీద అధిక పీడనం తిష్ఠ వేసిందంటే పైన ఆకాశం తేటగా ఉంటుంది, గాలి కదలదు. రాత్రి పొడవు. నేల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంటే పగలు పడే కాస్త ఎండనూ తిప్పి పంపేస్తుంది. రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది. చల్లని గాలి బరువు. కొండ వాలుల మీద చల్లబడినది కూడా నీళ్లలాగే జారి పళ్లెం అడుగుకు చేరుతుంది. అదే సమయంలో పైన కొత్తగా వెచ్చని గాలి వచ్చి మూతలా కూర్చుంటుంది. ఇక కింద చలి, పైన వెచ్చదనం. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అన్నారు. ఇక్కడ పాలు పోసే మనిషి నుంచి మేయరు దాకా అందరూ ‘ఇన్వర్షన్’ అనే అంటారు.

మూత కింద ఊరంతా ఉంది. కార్ల పొగ, ఇళ్లలో కాల్చే కట్టెల పొగ, చుట్టుపక్కల పశువుల కొట్టాల నుంచి వచ్చే అమోనియా, అన్నీ అందులోనే ఉండిపోతాయి. కార్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆ అమోనియా కలిసి అమ్మోనియం నైట్రేట్ అనే సన్నని ధూళిగా మారతాయి. మీ అబ్బాయి దగ్గుకు కారణం ఎక్కువగా అదే. సన్న ధూళికి ఈ దేశంలో ఇరవై నాలుగు గంటల పరిమితి ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాములు. ఇన్వర్షన్ మొదలైన రోజున గాలి బాగానే ఉంటుంది. రోజురోజుకూ పేరుకుంటూ, కొన్ని రోజులకల్లా చాలాసార్లు ఆ గీత దాటేస్తుంది. అలా పెరుగుతోందంటే ఇళ్లలో కట్టెలు కాల్చకూడదని ఆంక్ష పెడతారు.

మీరు వాడికి ఒక మాట చెప్పండి. ఇన్వర్షన్ రోజుల్లో పరుగు, సైకిలు వంటివి బయట వద్దు. ఇంట్లో వడపోత యంత్రం ఉంటే రాత్రంతా నడపమనండి. దగ్గు వారం దాటినా, ఊపిరి అందకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ‘ఇక్కడ అందరికీ ఇంతే’ అని ఊరుకోకూడదు. సెలవు దొరికితే వాడు చేసిన పనే మంచి పని. ఆల్టా వైపో, పార్క్ సిటీ వైపో కొండ ఎక్కి రెండు గంటలు శుభ్రమైన గాలి పీల్చుకుని రావడం.

ఆ మూతను నేను రోజూ కంటితో చూస్తాను. మా ఇల్లు తూర్పు వాలు మీద ఉంది, ఆఫీసు లోయ అడుగున. ఇన్వర్షన్ నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తీస్తే ఇంటి దగ్గర మైనస్ 1 చూపిస్తుంది. మొదటి సిగ్నలు దగ్గర మైనస్ 3. రైలు పట్టాలు దాటేసరికి మైనస్ 6. ఆఫీసు ముందు ఆపేటప్పటికి మైనస్ 8. పదిహేను నిమిషాల ప్రయాణం, ఊరు ఒకటే. ఉత్తరాన చమురు శుద్ధి కర్మాగారాల చిమ్నీల నుంచి లేచిన ఆవిరి కొంత దూరం నిటారుగా పోయి, ఎవరో అరచేత్తో అదిమినట్టు ఒక్కసారిగా అడ్డంగా పరుచుకుంటుంది. ఆ పరుచుకున్న ఎత్తే ఆ రోజు మూత ఎత్తు. ఏ యంత్రమూ అంత స్పష్టంగా చూపించదు.

మీ ఊళ్లో ఎవరైనా పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కి వచ్చి ఉంటే వాళ్లను అడగండి. తెల్లవారుజామున కాళ్ల కింద లోయంతా మేఘం నిండి, పైన తేట ఆకాశం చూసి ఉంటారు. అదీ ఇలాంటి మూతే. తేడా ఏమిటంటే మన్యంలో సూర్యుడు ఎక్కేకొద్దీ, రెండు మూడు గంటల్లో అది చెదిరిపోతుంది. ఇక్కడ శీతకాలపు సూర్యుడికి అంత బలం లేదు. ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అలాగే నిలుస్తుంది. బలమైన తుపాను గాలి వచ్చి ఊడ్చేస్తేనే పోతుంది.

అది ఎప్పుడు పోతుందన్నదే మా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. వాతావరణాన్ని ముందుగా లెక్కకట్టే కంప్యూటర్ నమూనాలు తరచుగా తొందరపడతాయి, చలిని నిజంగా పోయేదానికన్నా ముందే పోగొట్టేస్తాయి. నేనూ పొరబడ్డాను. 2013 జనవరి ఇక్కడ చాలా చల్లని నెల. 24వ తేదీన వాన వస్తుందని తెలుసు. పైనుంచి వచ్చే గాలి, వాన పడేలోపే లోయలోని చలిని తోసేస్తుందని నేను లెక్కేశాను. తోయలేదు. పైన వెచ్చని గాలిలో నీరుగా ఉన్న చినుకు, కింద సున్నాకు దిగువన ఉన్న నేల తగలగానే గాజులా గడ్డకట్టింది. ఆ ఉదయం విమానాశ్రయం రన్‌వేలు మూశారు, ఊరి నిండా కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మా బండ్లు ఉప్పు చల్లడానికి గంటన్నర ముందే బయలుదేరి ఉండాల్సింది. వాటిని ఆపమన్నది నేను. అప్పటి నుంచి, మూత ఉండగా వాన అని కనిపిస్తే, చలి పోతుందని నాకు రుజువు దొరికేదాకా పోదనే రాస్తాను.

ప్రశ్న: *నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రేపటి గరిష్ఠ ఉష్ణోగ్రతను అసలు ఎలా లెక్క కడతారు? పెద్ద కంప్యూటర్ లేకుండా నేను కట్టగలనా? — ఒక విద్యార్థి, వరంగల్*

కట్టగలరు. కాగితం, పెన్ను చాలు. బెలూను ఇచ్చిన ఒక అంకె కావాలి.

ప్రపంచమంతటా వందల చోట్ల రోజుకు రెండుసార్లు, ఒకే సమయానికి, ఉష్ణోగ్రత కొలిచే చిన్న పెట్టె కట్టిన బెలూన్లు ఎగరేస్తారు. మన గడియారంలో ఉదయం అయిదున్నర, సాయంత్రం అయిదున్నర లెక్కకు. నిజానికి కాస్త ముందే వదులుతారు. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్ నుంచి కూడా వెళతాయి. చిన్నప్పుడు బందరులో సాయంత్రం పూట ఆ తెల్లని బుడగ ఎత్తుకు పోయి చుక్కయి మాయమయ్యేదాకా మెడ నొప్పెట్టేలా చూసేదాన్ని. అదే నిమిషాల్లో ఇక్కడ సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయంలో తెల్లవారుజామున ఇంకో బుడగ లేస్తుందని అప్పుడు తెలియదు. ఇప్పుడు ఆ రెండో బుడగ చెప్పే లెక్కలతోనే నా రోజు మొదలవుతుంది.

జూలైలో ఒక ఉదయం అనుకోండి. బెలూను కొండ శిఖరాల ఎత్తులో, అంటే 700 మిల్లీబార్ల పీడనం దగ్గర, దాదాపు 3,150 మీటర్ల ఎత్తున 14 డిగ్రీలు అని చెప్పింది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఇక్కడ నేల బాగా కాగి, కిందిగాలి పైకి, పైగాలి కిందికి తిరుగుతూ ఆ ఎత్తుదాకా బాగా కలిసిపోతుంది. అలా కలిసిన పొడిగాలి కిందికి దిగితే ప్రతి కిలోమీటరుకు 9.8 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇది భౌతికశాస్త్రం, ఏ ఊళ్లోనైనా మారదు. 3,150 నుంచి 1,290 తీసేస్తే 1,860 మీటర్లు. దాన్ని 9.8తో గుణిస్తే సుమారు 18. పద్నాలుగుకు పద్దెనిమిది కలిపితే 32. నేల పక్కన ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర ఎక్కువ ఉంటుంది. కాబట్టి 33 అని రాయండి. మేఘం రాకపోతే, దగ్గర్లో కార్చిచ్చుల పొగ లేకపోతే, చాలా రోజులు మీరు ఒక డిగ్రీ తేడాలో ఉంటారు. ఇక్కడ జూలై సగటు గరిష్ఠం 34, 35 దగ్గర.

ఇప్పుడు ఇదే లెక్క జనవరి ఇన్వర్షన్ నాడు వేయండి. శిఖరాల దగ్గర, 3,050 మీటర్ల ఎత్తున, మైనస్ 1 ఉంది. దించితే లోయలో 16 రావాలి. నిజంగా ఉండేది మైనస్ 2. పద్దెనిమిది డిగ్రీల తప్పు! భౌతికశాస్త్రం తప్పలేదు. గాలి కలుస్తుంది అని మీరు అనుకున్న మాట తప్పింది. అందుకే గరిష్ఠం రాసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఎంత వేడి’ కాదు, ‘ఈ రోజు గాలి ఏ ఎత్తుదాకా కలుస్తుంది’. లోయ అడుగు నుంచి శిఖరం దాకా కలిసిపోవడానికి ఇంకా ఎంత వేడి అప్పు పడి ఉందో లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. ఈ రోజు ఎండ ఇచ్చే వేడి ఆ అప్పుకు చాలకపోతే మూత లేవదు. నా బల్ల మీద ఆ అప్పు గీత ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పెద్ద నమూనాల సంగతి. అమెరికా ప్రభుత్వపు ప్రపంచ నమూనా భూమిని సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా కోస్తుంది. మా లోయ వెడల్పు అటూఇటూగా 25 కిలోమీటర్లు. అంటే కొండ నుంచి కొండకు రెండే గళ్లు. అందులో శిఖరం అరిగిపోతుంది, లోయ పూడిపోతుంది. 3 కిలోమీటర్ల గళ్లున్న నమూనా వచ్చాక మా పని చాలా మెరుగుపడింది. అయినా ఒక ఇరుకు కనుమ నోట్లో ఏముందో దానికీ పూర్తిగా తెలియదు.

ఆ లోటు తీర్చడానికి ఒక మంచి ఉపాయం ఉంది, మీరు తప్పకుండా నేర్చుకోవాలి. 1972లో హారీ గ్లాన్, డేల్ లౌరీ ఒక పద్ధతి ప్రచురించారు. నమూనా చెప్పినదాన్నీ, అదే చోట నిజంగా కొలిచినదాన్నీ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి, నమూనా ఎప్పుడెప్పుడు ఎటువైపు తప్పుతుందో గణాంకాలతో పట్టుకుని, ఆ మేరకు సరిదిద్దడం. ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగా నడిచే గడియారం ఇంట్లో ఉంటే మనం పది కలుపుకుని చదువుకుంటాం కదా, అదే సూత్రం. దాని లోపం కూడా తెలుసుకోండి. అరుదుగా వచ్చే రోజుల గురించి దానికి అనుభవం తక్కువ. మొండి ఇన్వర్షన్ లాంటి రోజున సగటు వైపు లాగేస్తుంది. మీరు సాధన చేయాలనుకుంటే ఈ రాత్రే మొదలుపెట్టండి. వరంగల్ రేపటి గరిష్ఠం ఎంతో మీరే ఒక అంకె వేసి నోటుబుక్కులో రాయండి. ఎల్లుండి అసలు అంకె పక్కన రాయండి. వంద రోజులు రాసి నాకు పంపండి, నేను చదివి జవాబు రాస్తాను.

ప్రశ్న: *మర్రేలో ఉంటూ డ్రేపర్‌లోని ఆఫీసుకు జోర్డాన్ నది పక్క దారిలో సైకిలు మీద వెళ్తాను. వేసవిలో పొద్దున వెళ్లేటప్పుడు ఎదురుగాలి. సాయంత్రం వచ్చేటప్పుడు కూడా ఎదురుగాలే. స్నేహితులు అంతా నీ భ్రమ అంటున్నారు. — ఒక ఉద్యోగి, సాల్ట్ లేక్ సిటీ*

భ్రమ కాదు. మీ ఇల్లు ఉత్తరాన, ఆఫీసు దక్షిణాన ఉండటం వల్ల వచ్చిన చిక్కు. మీ స్నేహితుల్లో ఎవరైనా డ్రేపర్‌లో ఉంటూ ఊరి మధ్యకు సైకిలు మీద వెళ్లేవారు ఉంటే, ఆయనకు రెండు పూటలా వెనకగాలే.

రాత్రి లోయ చల్లబడినప్పుడు గాలి నేల వాలును పట్టుకుని కిందికి, అంటే దక్షిణం నుంచి ఉత్తరాన ఉన్న సరస్సు వైపు పారుతుంది. ఇది వేసవిలో ఉదయం తొమ్మిది, పది దాకా ఉంటుంది. మీరు ఏడున్నరకు దక్షిణం వైపు తొక్కుతున్నారు కాబట్టి ముఖాన కొడుతుంది. మధ్యాహ్నానికి కొండ వాలులు, లోయ నేల కాగి, గాలిని పైకి లాగుతాయి. సరస్సు మీద చల్లగా ఉన్న గాలి లోయలోకి చొరబడుతుంది. బందరులో మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి తగిలినట్టే ఇక్కడ సరస్సు గాలి తగులుతుంది. ఇక గాలి వాయవ్యం నుంచి దక్షిణానికి. సాయంత్రం అయిదున్నరకు మీరు ఉత్తరానికి తిరిగారు. మళ్లీ ముఖానే.

సాక్ష్యం కావాలంటే మీ ఆఫీసు దగ్గరి పాయింట్ ఆఫ్ ద మౌంటెన్ చూపించండి. లోయను దక్షిణాన మూసే కొండ కొన అది. పారాగ్లైడింగ్ చేసేవాళ్లు పొద్దున ఆ కొండ దక్షిణపు వైపు నుంచి, సాయంత్రం ఉత్తరపు వైపు నుంచి ఎగురుతారు. గాలి దిక్కు రోజుకు రెండుసార్లు ఇంత నమ్మకంగా మారకపోతే వాళ్ల ఆట సాగదు. ఒకసారి జూన్‌లో పొద్దున పదిన్నరకు అక్కడ నిలబడ్డాను. రంగుగుడ్డతో చేసిన గాలి సంచి మొదట దక్షిణపు గాలికి నిండుగా ఉంది, తర్వాత సగం వాలింది, తర్వాత పూర్తిగా వేలాడింది. ఇరవై నిమిషాలు ఎటూ కాకుండా ఊగి, నెమ్మదిగా అవతలి వైపుకు నిండింది. ఆ ఇరవై నిమిషాలు మీకు కావలసిన సమయం. ఆఫీసు ఒప్పుకుంటే పదింటి తర్వాత బయలుదేరండి. లేదా పొద్దున ట్రాక్స్ రైల్లో సైకిలు పెట్టుకుని వెళ్లి, సాయంత్రం ఒక్క ఎదురుగాలితో సరిపెట్టుకోండి.

మధ్యాహ్నం రెండు దాటినా దక్షిణపు గాలి తగ్గకుండా, పైగా జోరందుకుంటోందంటే శీతల వాతాగ్రం, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు, పడమర నుంచి వస్తోందని అర్థం. ఆ రాత్రి గాలి మళ్లదు, వేడి తగ్గదు, కనిష్ఠం కొన్ని డిగ్రీలు పైనే ఆగిపోతుంది. ఆ సాయంత్రం మీకు వెనకగాలి దొరుకుతుంది. మరునాడు మాత్రం ఉష్ణోగ్రత పది, పన్నెండు డిగ్రీలు కూడా పడిపోవచ్చు, స్వెటర్ దగ్గర పెట్టుకోండి. గాలివానకు ఎక్కడా చెట్టుకింద ఆగకండి.

ప్రశ్న: *సెంటర్‌విల్‌లో ఇల్లు చూస్తున్నాం. కొండ కింద, ధర అందుబాటులో ఉంది. ఇక్కడి తూర్పు గాలికి కప్పులు లేచిపోతాయని పక్కింటివాళ్లు భయపెట్టారు. మూడు మైళ్ల అవతల ఉన్న మా బంధువులకు ఆ గాలే తెలియదట. ఇది ఎలా సాధ్యం? — ఒక కుటుంబం, యూటా*

పక్కింటివాళ్లు భయపెట్టలేదు, మేలు చేశారు. 2011 డిసెంబర్ 1న, సాల్ట్ లేక్ సిటీకి ఉత్తరాన ఉన్న ఈ సెంటర్‌విల్‌లో గంటకు 102 మైళ్ల గాలి, అంటే దాదాపు 164 కిలోమీటర్లు, నమోదైంది. హైవే మీద లారీలు పక్కకు పడిపోయాయి. 2020 సెప్టెంబర్ 8న అదే రకం గాలి సాల్ట్ లేక్ సిటీలోకి కూడా వచ్చి వెయ్యికి పైగా చెట్లను కూల్చింది. మా వీధి చివర తాతల నాటి చెట్టొకటి వేళ్లతో సహా లేచి, దాంతోపాటు కాలిబాట సిమెంటు పలకలు కూడా తలుపుల్లా నిలబడ్డాయి. ఆ వేళ్ల గోతి నా నడుము లోతు ఉంది.

కొండకు తూర్పున, పొరుగు రాష్ట్రం వయోమింగ్ వైపు బరువైన చల్లగాలి, అధిక పీడనం పోగవుతుంది. పడమర, దక్షిణాన పీడనం తక్కువ. గాలి కొండను దాటి ఇటు దూకుతుంది. శిఖరాల పైన వెచ్చని పొర మూతలా ఉంటే ఆ గాలి పైకి చెదరలేక, మొత్తంగా వాలును పట్టుకుని దిగుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మీదుగా దూకే గోదావరిని గుర్తు తెచ్చుకోండి. వాలు మీద నీరు పలుచగా, నున్నగా, విపరీతమైన వేగంతో జారుతుంది. అడుగుకు చేరాక ఒక్కచోట నురగగా ఎగిసి, ఆ తర్వాత నెమ్మదిగా సాగిపోతుంది. ఇక్కడ గాలి చేసేదీ అదే. కొండ అడుగున మీరు చూస్తున్న వీధులు ఆ నున్నని జారుడు కింద ఉన్నాయి. మీ బంధువుల ఇల్లు నురగ దాటిన తర్వాత ఉంది. మూడు మైళ్ల తేడా అక్కడే.

ఈ గాలిని ముందుగా చెప్పడం ఇన్వర్షన్ ముగింపు చెప్పడం కన్నా సులువు. కొండకు అటూఇటూ పీడనం తేడా, శిఖరాల ఎత్తులో తూర్పు గాలి ఎంత, పైన మూత ఉందా లేదా అన్న మూడు విషయాలు కలిసి వస్తే ఒకటి రెండు రోజుల ముందే హెచ్చరిక ఇవ్వగలుగుతాం. ఏ వీధిలో ఎంత అన్నది మాత్రం చెప్పలేం.

ఇల్లు వద్దని నేను అనను. కొనే ముందు కప్పు ఎంత గాలికి నిలిచేలా కట్టారో రాతపూర్వకంగా అడగండి. బీమాలో గాలి నష్టానికి మీ చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో చదవండి. తూర్పు వైపున పెద్ద చెట్టు ఉంటే, అది పడితే ఎవరి పడకగది మీద పడుతుందో కొలిచి చూడండి. హెచ్చరిక వచ్చిన రాత్రి పిల్లల్ని పడమటి గదుల్లో పడుకోబెట్టండి. ఎత్తైన బండి ఏదైనా మీకు ఉంటే ఆ గంటల్లో హైవే ఎక్కించకండి.

ప్రశ్న: *డిసెంబర్‌లో లంబసింగి వెళ్లాం. ఫోను 9 డిగ్రీలు అంది. గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. 9 డిగ్రీలకు మంచు ఎలా గడ్డకడుతుంది? — ఒక పాఠకుడు, విశాఖపట్నం*

గడ్డకట్టదు. ఫోను చెప్పిన 9, చుట్టుపక్కల కొండలు, లోయలు కలిపి తీసిన సగటు గడికి సంబంధించినది. మీరు నిలబడ్డది సుమారు 1,000 మీటర్ల ఎత్తున, చల్లగాలి పేరుకునే పల్లంలో. పైగా వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని నేల మీద పెట్టరు, మనిషి ఛాతీ ఎత్తున, తెల్లని జాలీ పెట్టెలో నీడలో పెడతారు. గాలి కదలని తేట రాత్రి ఆ ఎత్తుకూ గడ్డి చివరకూ మధ్య నాలుగైదు డిగ్రీల తేడా మామూలే. పెట్టెలో 3, 4 ఉన్నా గడ్డి సున్నాకు దిగగలదు.

మళ్లీ వెళ్లేటప్పుడు చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కొలిచిన ఉష్ణోగ్రత పత్రికల్లో వస్తుంది, అది చూడండి. ఫోను అంకె కన్నా అది మీ కాళ్ల కింది నేలకు దగ్గర. ముందు రోజు సాయంత్రం ఆకాశం తేటగా ఉండి, చెట్ల ఆకులు కదలకుండా ఉంటే, ఆ అంకె నుంచి ఇంకో రెండు మూడు తీసేసి, పిల్లలకు దానికి తగ్గ బట్టలు కట్టండి.